పాత కంప్యూటరును మేలుకొలుపు ఫ్లాపీ

సిద్దిపేట వంటి పట్టణములలో పాఠశాలల సామాను గదులందును, చిన్న ముద్రణాలయముల మూలలందును, 1990 ప్రాంతపు కంప్యూటర్లు నేటికిని కనబడుట అరుదు కాదు. దుమ్ము తుడిచి మీట నొక్కినచో పంకా తిరుగును. చిన్న దీపము వెలుగును. తెరపై మెమరీ లెక్క కనబడును. పిమ్మట "ఆపరేటింగ్ సిస్టం లేదు" అను అర్థము గల ఆంగ్లవాక్య మొకటి వచ్చి, యంత్రము అక్కడనే నిలిచిపోవును. చూచువారు అది చెడిపోయినదని తలచి పాత సామాను కొనువానికి అమ్మివేయుదురు. నిజమునకు అట్టి యంత్రములలో అనేకము చెడిపోలేదు. ఏమి చేయవలెనో చెప్పు ఆదేశములు లేక ఊరకున్నవి, అంతే.

ఆ ఆదేశములను దానికి అందింపగల సాధనము అరచేతిలో ఇమిడెడు ఫ్లాపీ డిస్కు. నేటి కంప్యూటరునకు సంబంధించిన పెద్ద పెద్ద వ్యవస్థలేవియు ఈ పాత యంత్రమునకు పనికిరావు. ఒక్క ఫ్లాపీ మాత్రము దానిని మేలుకొల్పగలదు. ఇది ఎట్లు సాధ్యమగుచున్నది? అంత చిన్న ఫలకముపై అంత పెద్ద పనిని ఎట్లు ఇమిడ్చిరి? ఈ శ్రమ వలన మనకు, ముఖ్యముగా తెలుగువారికి, కలుగు ప్రయోజన మేమి?

ఆపరేటింగ్ సిస్టం చేయు పని

కంప్యూటరునందు గణించు భాగమునకు ప్రాసెసరు అని పేరు. అది తనంతట తాను ఏమియు చేయజాలదు. మెమరీలోనున్న ఆదేశములను ఒకదాని తరువాత నొకటి గైకొని నెరవేర్చును. మీటలపై నొక్కిన అక్షరమును గ్రహించుట, దానిని తెరపై చూపుట, డిస్కుపై ఉన్న ఫైలును వెదకి తెచ్చుట, ముద్రణ యంత్రమునకు పంపుట మొదలగు నిత్యకృత్యములను నడుపు ఆదేశముల సముదాయమే ఆపరేటింగ్ సిస్టం, అనగా నిర్వహణ వ్యవస్థ.

విద్యుత్తు ఆగిన వెంటనే కంప్యూటరు మెమరీలోని విషయమంతయు తుడుచుకొని పోవును. కావున నిర్వహణ వ్యవస్థను శాశ్వతముగా ఎచ్చటనైన దాచి, యంత్రమును నడపిన ప్రతిసారియు మెమరీలోనికి తేవలెను. ఇందుకు రెండు మార్గములు కలవు.

మొదటి మార్గము, వ్యవస్థనంతయు చెరగని మెమరీలో, అనగా రామ్ గాక రోమ్ అనబడు చిప్పులో, కర్మాగారముననే నింపివేయుట. 1984-85 లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద తొలివిడతగా 250 పాఠశాలలకు కంప్యూటర్లను పంపెను. అవి బి.బి.సి. మైక్రో అను రకమునకు చెందినవి. వాటిలో 16 కిలోబైట్ల నిర్వహణ వ్యవస్థ, మరియొక 16 కిలోబైట్ల బేసిక్ భాష రోమ్ చిప్పులలోనే ఉండెను. మీట నొక్కగానే అవి పనికి సిద్ధమగును. వాటిలో వ్యవస్థను స్థాపింపవలసిన అవసరమే లేదు.

రెండవ మార్గము, చెరగని చిప్పులో కొద్దిపాటి ఆరంభ ఆదేశములను మాత్రముంచి, తక్కిన వ్యవస్థనంతయు డిస్కుపై నుంచుట. 1981 ఆగస్టు 12 న వెలువడిన ఐ.బి.ఎం. పి.సి. ఈ మార్గమునే అనుసరించెను. తరువాత ప్రపంచమంతట వ్యాపించిన కంప్యూటర్లలో ఎక్కువభాగము దాని సంతతియే. ఈ పద్ధతి వలన పాత వ్యవస్థను తీసివేసి క్రొత్తదానిని పెట్టుకొను స్వేచ్ఛ కలిగెను. కాని డిస్కుపై వ్యవస్థ లేనిచో యంత్రము మూగపోవుట అను లోపము కూడ దానితోనే వచ్చెను.

ఫ్లాపీ పుట్టుక

హైదరాబాదులో 1967 లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ పేరుతో టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969 లో వెలువడునాటికి లోకమున ఫ్లాపీ ఇంకను పుట్టలేదు. 1971 లో ఐ.బి.ఎం. సంస్థ 8 అంగుళముల ఫ్లాపీని తెచ్చెను. దానిలో ఇమిడినది సుమారు 80 కిలోబైట్లు మాత్రమే. దానిని ఎందుకు కనిపెట్టిరో తెలిసికొనుట ఆసక్తికరము. సిస్టం-370 అను పెద్ద కంప్యూటర్లకు విద్యుత్తు పెట్టినపుడు వాటి అంతర్భాగములకు ఆరంభ ఆదేశములను అందించుటకే దానిని తయారుచేసిరి. అనగా పుట్టుకను బట్టియే ఫ్లాపీ మేలుకొలుపు సాధనము. లేఖలను, లెక్కలను దాచుకొనుట పిమ్మట వచ్చిన ఉపయోగము.

1976 లో 5¼ అంగుళముల ఫ్లాపీయు, 1980 దశకమున గట్టి తొడుగు గల 3½ అంగుళముల ఫ్లాపీయు వాడుకలోనికి వచ్చినవి. ఈ చివరి రకమే మన పాఠశాలలలో ఎక్కువగా కనబడును.

ఫలకముపై లెక్క

ఫ్లాపీ తొడుగులో పలుచని ప్లాస్టిక్ వలయఫలక మొకటి కలదు. దాని రెండు వైపుల అయస్కాంత పదార్థపు పూత ఉండును. చదువు తల దానికి ఆనుకొని యుండగా ఫలకము నిమిషమునకు 300 సార్లు తిరుగును. పూతలో అయస్కాంత దిశ మారిన చోట తలయందు చిన్న విద్యుత్ స్పందన కలుగును. మారని చోట కలుగదు. ఈ రెండు స్థితులే 1, 0 అను అంకెలకు ఆధారము.

సిద్దిపేట నేతగాండ్రు గొల్లభామ చీరను నేయు తీరు తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. తలపై కుండ నెత్తుకొనిన గొల్లభామ బొమ్మను మగ్గముపై అద్దకము చేయరు. రంగు దారమును ఆయా పడుగు పోగుల నడుమ దూర్చి నేయుదురు. ఒక్కొక్క పోగు వద్ద రంగు దారము పైకి కనబడుట, కనబడకుండుట అను రెండే స్థితులు. ఆ రెండింటి కూర్పు చేతనే నిండు బొమ్మ ఏర్పడుచున్నది. అట్లే రెండే అయస్కాంత స్థితుల కూర్పు చేత ఫ్లాపీపై అక్షరములు, చిత్రములు, ఆదేశములు అన్నియు ఏర్పడును.

3½ అంగుళముల ఫ్లాపీపై ఒక్కొక్క వైపున 80 వలయములు, ఒక్కొక్క వలయమున 18 ఖండములు కలవు. ఖండమునకు సెక్టరు అని వ్యవహారనామము. ఒక్కొక్క సెక్టరులో 512 బైట్లు పట్టును. కావున మొత్తము 2 × 80 × 18 = 2,880 సెక్టర్లు; వానియందు 2,880 × 512 = 14,74,560 బైట్లు. దీనినే వాడుకలో 1.44 మెగాబైట్లు అందురు.

ఇది యంతయు ఫైళ్లకే లభింపదు. మొదటి సెక్టరు యంత్రమును మేలుకొలుపుటకు ప్రత్యేకింపబడినది. తరువాతి 18 సెక్టర్లలో, ఏ ఫైలు ఏ సెక్టర్లలో ఉన్నదో తెలుపు పట్టిక రెండు ప్రతులుగా నుండును. ఒకటి పాడైనను రెండవది మిగులుననియే ఈ జాగ్రత్త. పిమ్మట 14 సెక్టర్లలో 224 ఫైళ్ల పేర్లు వ్రాయుటకు చోటు కలదు. ఈ 33 సెక్టర్లు పోగా ఫైళ్లకు మిగులునవి 2,847.

చదువు వేగమును కూడ విద్యార్థులు లెక్కింపవచ్చును. ఒక వలయములో 18 × 512 = 9,216 బైట్లు గలవు. ఫలకము సెకనుకు 5 సార్లు తిరుగును గనుక, సెకనుకు 46,080 బైట్లు మాత్రమే చదువ వీలగును. ఈ లెక్కన నిండు ఫ్లాపీని చదువుటకు ఎంత త్వరపడినను 32 సెకన్లు పట్టును. తల ఒక వలయము నుండి మరియొక వలయమునకు జరుగు కాలము దీనికి అదనము.

మేలుకొను క్రమము

కంప్యూటరునకు విద్యుత్తు అందగానే ఏమి జరుగును? ఐ.బి.ఎం. పి.సి.లోని 8088 ప్రాసెసరు 20 తీగెల ద్వారా మెమరీ చిరునామాలను సూచించును. 2 ను 20 మార్లు హెచ్చించిన 10,48,576 వచ్చును. అన్ని బైట్లను మాత్రమే అది చేరగలదు. మేలుకొనిన ప్రాసెసరు మొట్టమొదట చూచునది 10,48,560 వ చిరునామా; అనగా చివరకు 16 బైట్లు ముందున్న చోటు. అచ్చట బయోస్ అనబడు చెరగని చిప్పులోనికి దారి చూపు ఆదేశ మొకటి ఉండును.

బయోస్ ముందుగా మెమరీని, మీటల పలకను, డిస్కు యంత్రములను పరీక్షించును. మొదట తెరపై కనబడిన మెమరీ లెక్క ఈ పరీక్షయే. పిమ్మట ఫ్లాపీపై మొదటి సెక్టరును, అనగా 512 బైట్లను మాత్రము, మెమరీలో 31,744 వ చిరునామా వద్దకు తెచ్చును. 32 కిలోబైట్ల మెమరీలో చివరి కిలోబైటు ఆరంభమగు చోటు ఇదియే. ఆ సెక్టరు చివరి రెండు బైట్లు 85, 170 అయి యుండవలెనని తరువాతి బయోస్ లు చూచును. ద్విసంఖ్యామానములో వ్రాసినచో ఇవి 01010101, 10101010 అగును. ఒకదానిలో 1 ఉన్న ప్రతిచోట రెండవదానిలో 0 ఉండును. యాదృచ్ఛికముగా ఏర్పడుట అరుదైన ఈ గుర్తును ముద్రగా నెంచుకొనిరి. ముద్ర సరిపోయినచో బయోస్ తన అధికారమును ఆ 512 బైట్లకు అప్పగించును.

ఈ చిన్న సెక్టరులోని కార్యక్రమము నిర్వహణ వ్యవస్థ కాదు. ఫ్లాపీపై వ్యవస్థ ఫైలు ఎచ్చట నున్నదో వెదకి, దానిని మెమరీలోనికి తెచ్చుటయే దాని పని. ఆ ఫైలు వచ్చిన పిమ్మట అది అధికారమును గైకొనును. అది తిరిగి ఆదేశములను గ్రహించు కార్యక్రమమును పిలుచును. చిన్నది కొంచెము పెద్దదానిని, అది మరికొంత పెద్దదానిని పిలుచుటయే ఈ క్రమమంతయు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను యంత్రము నిలిచిపోవును.

ఫ్లాపీయే ఏల?

కాంపాక్టు డిస్కును గాని, యు.ఎస్.బి. కడ్డీని గాని పెట్టి పాత యంత్రమును ఏల మేలుకొలుపరాదు అను ప్రశ్న కలుగును. బయోస్ కు తెలిసిన సాధనము నుండి మాత్రమే అది మొదటి సెక్టరును తేగలదు. కాంపాక్టు డిస్కు నుండి కంప్యూటరును ఆరంభించు పద్ధతి 1995 లో నిర్ణయింపబడినది. యు.ఎస్.బి. తొలి ప్రమాణము 1996 లో వెలువడినది. అంతకు ముందు తయారైన బయోస్ చిప్పునకు ఇవి ఏవో తెలియవు. దానికి తెలిసినవి ఫ్లాపీ, హార్డు డిస్కు మాత్రమే. హార్డు డిస్కు ఖాళీగా నున్నపుడు మిగిలిన ద్వారము ఫ్లాపీ ఒక్కటియే.

అట్లని నేటి వ్యవస్థను ఫ్లాపీలపైకి ఎక్కింప వీలుకాదు. 1995 లో విండోస్ 95 వ్యవస్థను ఫ్లాపీలపై అమ్మినపుడు, ఒక్కొక్కదానిలో 1.68 మెగాబైట్లు పట్టునట్లు ప్రత్యేకముగా తీర్చిదిద్దిన 13 ఫ్లాపీలు కావలసివచ్చెను. 2021 లో వచ్చిన విండోస్ 11 నకు కనీసము 64 గిగాబైట్ల చోటుండవలెనని నియమము. అంత చోటును ఫ్లాపీలతో కొలిచినచో నలుబది వేలకు పైబడును. అంతేగాక నేటి ఆదేశములు పాత ప్రాసెసరునకు అర్థము కావు. 1991 లో ఇంటెల్ 80386 ప్రాసెసరుపైననే పుట్టిన లినక్స్ సైతము, 2013 లో వెలువడిన 3.8 వ కూర్పు నుండి ఆ ప్రాసెసరునకు తోడ్పాటు మానుకొనెను. వ్యవస్థలు ఎదిగిన కొలది పాత యంత్రములు వెనుకబడుట సహజము. వాటిని విడువక పట్టుకొని యుండుటకు ప్రత్యేక ప్రయత్నము కావలెను.

ఫ్రీడాస్ ప్రయత్నము

అట్టి ప్రయత్నములలో ముఖ్యమైనది ఫ్రీడాస్. ఐ.బి.ఎం. పి.సి. తరగతి యంత్రములపై ఎక్కువగా నడచిన వ్యవస్థ మైక్రోసాఫ్ట్ సంస్థ వారి ఎం.ఎస్.డాస్. దానికి భవిష్యత్తు లేదని 1994 నాటికి తేలిపోయెను. అప్పుడు అమెరికాలో భౌతికశాస్త్ర విద్యార్థిగానున్న జిమ్ హాల్, అందరును ఉచితముగా వాడుకొని, చదివి, మార్చుకొనదగిన డాస్ ను తయారుచేయుదమని 1994 జూన్ 29 న ప్రకటించెను. ప్యాట్ విలానీ వ్రాసిన మూలభాగము దానికి పునాది ఆయెను. పెక్కు దేశముల స్వచ్ఛంద కార్యకర్తలు పాలుపంచుకొనిరి. 2006 లో మొదటి పూర్తి కూర్పు వెలువడెను. 2022 ఫిబ్రవరిలో వెలువడిన 1.3 కూర్పునందు పాత యంత్రముల కొరకు ప్రత్యేకముగా ఫ్లాపీల సంచిక యొకటి కలదు. 1.44 మెగాబైట్లు, 1.2 మెగాబైట్లు, 720 కిలోబైట్లు అను వేర్వేరు కొలతల ఫ్లాపీలకు అది లభించును. 2025 ఏప్రిలులో 1.4 కూర్పు వచ్చెను.

ఇట్టి స్థాపక ఫ్లాపీలను తయారుచేయువారికి ఎదురగు చిక్కులు మూడు.

మొదటిది యంత్రమును గుర్తించుట. స్థాపించు కార్యక్రమము ఏ యంత్రమున నడచునో ముందుగా తెలియదు. అది 1981 నాటి 8088 కావచ్చును, 1995 నాటి పెంటియం కావచ్చును. క్రొత్త ఆదేశము నొకదానిని పాత ప్రాసెసరునకు ఇచ్చినచో యంత్రము కదలక నిలిచిపోవును. "నీవెవరవు?" అని నేరుగా అడుగు ఆదేశము 1993 ప్రాంతమున గాని ప్రాసెసర్లకు రాలేదు. అయినను ఒక చక్కని ఉపాయము కలదు. ప్రాసెసరులో స్థితిని సూచించు 16 బిట్ల గడి యొకటి ఉండును. దాని పై నాలుగు బిట్లలో 0 వ్రాసి తిరిగి చదువవలెను. నాలుగును 1 గానే కనబడినచో అది 8086 లేక 8088. కానిచో ఈసారి 1 వ్రాసి చదువవలెను. నాలుగును 0 గానే మిగిలినచో అది 80286. కొన్ని మారినచో 80386 లేక దాని తరువాతిది. రసాయనశాలలో ఆమ్లమును లిట్మసు కాగితముతో పరీక్షించినట్లే, పేరడుగకుండ ప్రవర్తనను బట్టి జాతిని నిర్ణయించుట ఇది.

రెండవ చిక్కు చోటు. ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లుగా వ్రాసినచో ఫ్లాపీల సంఖ్య పెరిగిపోవును. కావున వాటిని కుదించి వ్రాయుదురు. "రామయ్య తోట, రామయ్య బావి, రామయ్య ఇల్లు" అను మాటలను చూడుడు. "రామయ్య" అని ఒక్కసారి వ్రాసి, తరువాత ఆ పదము వచ్చినచోట "ఇంత వెనుకకు పోయి ఇన్ని అక్షరములు తీసికొనుము" అని రెండంకెలు వ్రాసిన చాలును. విషయము నశింపదు, చోటు మిగులును. 1.3 కూర్పునందు ఈ కుదింపు వలన, వెనుకటితో పోల్చినచో ఫ్లాపీల సంఖ్య సుమారు సగమునకు తగ్గినది.

మూడవ చిక్కు ఓపిక. కుదించినదానిని విప్పవలసినది ఆ ముసలి ప్రాసెసరే. తొలి పి.సి.లోని 8088 సెకనుకు 47.7 లక్షల స్పందనలతో నడచును. పైగా డాస్ కు నేరుగా అందుబాటులోనుండు మెమరీ 640 కిలోబైట్లకు మించదు. ఎక్కువగా కుదించినచో ఫ్లాపీలు తగ్గును గాని, విప్పుటకు కాలమును, మెమరీయు ఎక్కువ కావలెను. తక్కువగా కుదించినచో పని త్వరగా సాగును గాని, ఫ్లాపీలు పెరుగును. ఫ్లాపీలు పెరిగిన కొలది వాటిలో ఒకటి చెడియుండు అవకాశమును పెరుగును. పది ఫ్లాపీలలో తొమ్మిది బాగుండి పదవది చదువ వీలుకాకపోయినను స్థాపన పూర్తికాదు. కావున తగు మధ్యస్థితిని ఎన్నుకొనుటయే ఇందలి నేర్పు.

హార్డు డిస్కుపై స్థాపన

మొదటి ఫ్లాపీతో యంత్రము మేలుకొనిన పిమ్మట స్థాపనలో నాలుగు దశలు కలవు. మొదట హార్డు డిస్కును విభాగించుదురు. దాని మొదటి సెక్టరులోని 512 బైట్లలో 446 బైట్లు మేలుకొలుపు ఆదేశములకు, 64 బైట్లు విభాగముల పట్టికకు, మిగిలిన 2 ముద్రకు కేటాయింపబడినవి. ఒక్కొక్క విభాగ వివరణకు 16 బైట్లు కావలెను గనుక, ఇట్టి డిస్కుపై ప్రధాన విభాగములు నాలుగింటికి మించరాదు. నాలుగను పరిమితి ఎట్లు వచ్చినదో ఈ చిన్న భాగహారమే తెలుపుచున్నది.

రెండవ దశలో విభాగముపై ఫైళ్ల పట్టికలను సిద్ధపరచుదురు. మూడవ దశలో ఫ్లాపీలను ఒకదాని తరువాత నొకటి పెట్టుచు ఫైళ్లను విప్పి హార్డు డిస్కుపై వ్రాయుదురు. తెర కోరిన సంఖ్య గల ఫ్లాపీని పెట్టుట తప్ప మనిషికి ఇందు పని లేదు. చివరి దశలో హార్డు డిస్కు విభాగపు మొదటి సెక్టరులో మేలుకొలుపు కార్యక్రమమును వ్రాయుదురు. దీనితో ఫ్లాపీ చేసిన పనిని ఇకమీదట హార్డు డిస్కే చేసికొనును. ఫ్లాపీని తీసి యంత్రమును మరల నడపినచో వ్యవస్థ తానే లేచి, ఆదేశమునకై ఎదురుచూచును.

తెలుగునకు దీనితో ఏమి పని?

పాత యంత్రమును మేలుకొలుపుట వట్టి వేడుక యని కొందరు తలంపవచ్చును. తెలుగు లిపి కంప్యూటరునందు ప్రవేశించిన చరిత్ర తెలిసినవారు అట్లు తలంపరు.

నేడు తెలుగు అక్షరములకు ప్రపంచమంతట ఒకే సంకేతము, అనగా యూనికోడు, వాడుకలో నున్నది. అందు "క" అక్షరమునకు సంఖ్య 3093. ఇది వ్యాపించుటకు ముందు, భారతీయ లిపుల కొరకు ఇస్కీ అను సంకేతము 1991 లో భారత ప్రమాణముగా ఏర్పడెను. అందు "క" అక్షరమునకు సంఖ్య 179. తెలుగు "క" కును, నాగరి "క" కును సంఖ్య ఒక్కటియే. ఏ లిపిలో చూపవలెనో యంత్రము నిర్ణయించుకొనును. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన పరిశోధనను పూనాలోని సి-డాక్ సంస్థ పెంపొందించి, జిస్టు కార్డు అను పలకను తయారుచేసెను. డాస్ నడచు కంప్యూటరు లోపల ఆ పలకను గుచ్చినచో తెరపై తెలుగు, కన్నడము, హిందీ మొదలగు లిపులు కనబడెడివి.

ఆ కాలమున ఇట్లు తెలుగులో వ్రాసిన ఫైళ్లు పాత హార్డు డిస్కులపై, ఫ్లాపీలపై నుండును. వాటిని నేటి యంత్రమున తెరచినచో తెలుగునకు మారుగా అర్థము లేని గుర్తుల వరుస కనబడును. విషయము పోలేదు, దానిని చదువు కీలకము మాత్రమే మరుగైనది. ఇస్కీ సంఖ్యలను యూనికోడు సంఖ్యలుగా మార్చుట కష్టము కాదు. "క" విషయమున 179 ఉన్నచోట 3093 అని వ్రాసినట్లే తక్కిన అక్షరములకును వ్రాయవలెను. కాని ముందు ఆ ఫైలును ప్రాత డిస్కు నుండి బయటికి తేవలెను గదా! ప్రాత డిస్కును చదువుటకు ప్రాత యంత్రము, దానిని నడుపుటకు ప్రాత వ్యవస్థ, దానిని స్థాపించుటకు ఫ్లాపీ కావలెను. జిస్టు కార్డును గుచ్చుటకు తగిన సందు కూడ నేటి కంప్యూటర్లలో లేదు.

కాలము అనుకూలముగా లేదు. జపానులో సోనీ సంస్థ 2011 లో ఫ్లాపీల అమ్మకమును ఆపివేసెను. అమెరికా అణ్వస్త్ర విభాగము 8 అంగుళముల ఫ్లాపీలను 2019 లో విడిచిపెట్టెను. ప్రభుత్వ పత్రములను ఫ్లాపీలపై సమర్పింపవలెనను నియమములను జపాను 2024 లో తొలగించెను. ఉన్న ఫ్లాపీల అయస్కాంత శక్తి ఏటేట క్షీణించును. తేమ తగిలినచోట బూజు పట్టును. గ్రంథాలయమున తాటాకు ప్రతులను పురుగు తినకుండ కాపాడవలెనని అందరును ఒప్పుకొందురు. ముప్పది ఏండ్ల నాటి ఫ్లాపీ తాటాకు కంటె త్వరగా నశించునను సంగతి చాలమందికి తెలియదు.

ఉపాధ్యాయులు గమనింపవలసినవి

పాఠశాలలో పాత కంప్యూటరు దొరకినపుడు, దానిలో క్రొత్త వ్యవస్థను స్థాపించుటకు తొందరపడరాదు. విభాగించుట, పట్టికలు సిద్ధపరచుట అను దశలలో పాత ఫైళ్ల జాడ పోవును. కావున ఫ్లాపీతో యంత్రమును మేలుకొలిపి, హార్డు డిస్కుపై ఏమున్నదో చూచి, కావలసినవానికి నకలు తీసిన పిమ్మటనే స్థాపనకు పూనుకొనవలెను. వ్యవస్థను హార్డు డిస్కుపై స్థాపింపకయే కేవలము ఫ్లాపీ నుండి నడుపవచ్చునను విషయము ఇక్కడ ఉపకరించును.

చదువవలసిన పాత ఫ్లాపీలకు ముందుగా వ్రాతనిరోధము కల్పింపవలెను. 3½ అంగుళముల ఫ్లాపీ మూలనున్న చిన్న పలకను జరిపి రంధ్రము తెరచినచో దానిపై వ్రాయుట సాధ్యము కాదు. 5¼ అంగుళముల ఫ్లాపీ విషయమున ఇందుకు వ్యతిరేకము. అంచుననున్న గంటును కాగితముతో మూసివేయవలెను. బూజు పట్టిన ఫ్లాపీని శుభ్రపరచక యంత్రమున పెట్టినచో చదువు తలయు పాడగును.

స్థాపక ఫ్లాపీలను నేటి కంప్యూటరుపై తయారుచేయుటకు యు.ఎస్.బి. ఫ్లాపీ యంత్రము చాలును. అయితే అది సాధారణముగా 3½ అంగుళముల ఫ్లాపీలకే పనికివచ్చును. 5¼ అంగుళముల వాటితో మరియొక చిక్కు కలదు. 360 కిలోబైట్ల పాత యంత్రము ఒక వైపున 40 వెడల్పైన వలయములను వ్రాయును, 1.2 మెగాబైట్ల యంత్రము 80 సన్నని వలయములను వ్రాయును. సన్నని తలతో తిరిగి వ్రాసిన ఫ్లాపీపై పాత వ్రాత అంచులు మిగిలిపోవుట చేత, వెడల్పు తల గల యంత్రము దానిని సరిగా చదువలేకపోవచ్చును.

పాత యంత్రమును తెరచునపుడు విద్యుత్తును పూర్తిగా తొలగింపవలెను. గాజుగొట్టము గల పాత తెరలో, విద్యుత్తు తీసివేసిన పిమ్మట కూడ ప్రాణాపాయకరమైన విద్యుదావేశము నిలిచియుండవచ్చును గనుక, దానిని విద్యార్థులు ఎన్నటికిని తెరువరాదు. లోపలి బ్యాటరీ కారి పలకను తినివేసినదేమో చూచుట, క్షీణించిన బ్యాటరీని మార్చుట మేలు. బ్యాటరీ లేనిచో యంత్రము తన డిస్కు కొలతలను మరచి, ఉన్న డిస్కును కూడ లేదని చెప్పును. తొలుత చెప్పిన "ఆపరేటింగ్ సిస్టం లేదు" అను మాటకు ఇదియు ఒక కారణమే.

పాత యంత్రమే లేని పాఠశాలలు నిరుత్సాహపడనక్కరలేదు. క్యూఎము వంటి అనుకరణ కార్యక్రమములు నేటి కంప్యూటరులోనే పాత కంప్యూటరు నొకదానిని సృష్టించును. ఫ్రీడాస్ వలెనే అదియు ఉచితము. ఫ్లాపీ మొదటి సెక్టరును తెరచి, చివరి రెండు బైట్లు 85, 170 అగునో కాదో విద్యార్థులు స్వయముగా చూడవచ్చును. వాటిలో ఒకదానిని మార్చి ఏమగునో పరీక్షింపవచ్చును.

ముగింపు

నేటి కంప్యూటరు ఎట్లు మేలుకొనుచున్నదో సామాన్యునకు కనబడదు. కోట్ల ఆదేశములు తెర వెనుక నడచిపోవును. పాత యంత్రమునందు మాత్రము 512 బైట్ల నుండి వ్యవస్థ వరకు ప్రతి మెట్టును వ్రేలితో చూపవచ్చును, కాగితముపై లెక్క వేయవచ్చును. అందుచేత అది ప్రయోగశాలలో నుంచదగిన ఉపకరణము. అంతకు మించి, అందు తెలుగు వ్రాతలు మిగిలియుండ వచ్చును. కావున సామాను గదిలోని యంత్రమును తూకమునకు వేయుటకు ముందు, ఒక్క ఫ్లాపీతో దానిని లేపి, దానియందేమున్నదో చూచుట విజ్ఞుల కర్తవ్యము. పనికిరాదని తేలినచో దానిని ఎలక్ట్రానిక్ వ్యర్థములను సక్రమముగా సేకరించువారికి అప్పగింపవచ్చును. కాని ఆ నిర్ణయము దానిని చదివిన పిమ్మట చేయవలసినది.